తొలి కాన్పుకు ఒక్కదాన్నే

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వైపు పద్ధతి. నా విషయంలోనూ అట్లాగే అనుకున్నారు. ఏడో నెలలో గాజులు తొడిగి, రేణిగుంటలో మేము కాపురమున్న అద్దె గది నుంచి ఐరాల దగ్గర ఉన్న మా ఊరికి అమ్మ నన్ను పిలుచుకుపోయింది. నొప్పులు మొదలైతే చిత్తూరు ఆసుపత్రికి పోవాలని, పక్కన అమ్మ ఉంటుందని, ఇంటికి వచ్చాక ముప్పూటలా వేడినీళ్లు, కాయం మందు, పథ్యం అన్నీ అమ్మే చూసుకుంటుందని అనుకుంటూ నేను నిశ్చింతగా ఉన్నాను. అమ్మ తన పాత నూలు చీరలన్నీ ఉతికి, ఎండబెట్టి, బిడ్డకు పక్కగుడ్డలుగా చింపి మూట కట్టింది. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకుగా ఉంటుందట. మూట కట్టేటప్పుడు ఒక్కో ముక్కనూ చెంపకు ఆనించి చూసుకునేది.

తొమ్మిదో నెల నడుస్తుండగా మా తమ్ముడికి జ్వరం వచ్చింది. రెండో రోజు సాయంత్రం వాడి వీపు మీద నీటిపొక్కులు కనపడ్డాయి. అమ్మ వాడి చొక్కా దించి వెలుతురులో చూసింది. వెంటనే పెరట్లోకి పోయి వేపరెమ్మలు విరుచుకొచ్చి గుమ్మానికి చెక్కింది. నేను వసారాలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తున్నాను.

"పాపా, నువ్వు లేసి బయటికి పో" అంది అమ్మ లోపలి నుంచే. "మీ చిన్నమ్మోళ్ల ఇంట్లో పండుకో ఈ పొద్దుకు. తమ్మునికి అమ్మోరు పోసినాది."

కడుపుతో ఉన్న మనిషి అమ్మవారు పోసిన ఇంట్లో ఉండకూడదు. ఆ ఇంటివాళ్లు ఆమెను ముట్టకూడదు. ఆ ఇంట్లోంచి గుడ్డముక్క కూడా బయటికి పోకూడదు. ఇదంతా నాకు తెలుసు. అయినా తెల్లవారి, చిన్నమ్మ నన్ను రేణిగుంటకు దింపడానికి బయలుదేరినప్పుడు అమ్మ వీధికి అవతలి పక్కనే ఆగిపోతే, నేనూ అక్కడే ఆగిపోయాను.

"అమ్మోరు దిగి తమ్మునికి మూడు నీళ్లు పోసినాక నేనే వచ్చేస్తా. అంతదాకా రాలేను" అంది అమ్మ.

"అంతలోపల నొప్పులొస్తే?"

అమ్మ బస్సు వచ్చే వైపు చూసింది. తరవాత, "మీ అత్త ఉండాది గదా" అంది. బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే అమ్మ చెయ్యి ఊపడం లేదు, రెండు చేతులూ పమిట కింద దాచుకుని ఉంది.

మా అత్తది చంద్రగిరి అవతల ఒక పల్లె. మామ పోయాక రెండు బర్రెల్ని పెట్టుకుని ఒక్కతే ఉండేది. కబురు అందగానే బర్రెల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి రేణిగుంటకు వచ్చింది. పెళ్లయిన ఏడాదిన్నరలో మేమిద్దరం కలిసి పట్టుమని పది రోజులు ఉన్నది లేదు. ఆమె చెడ్డమనిషి కాదు. మాటలు తక్కువ. పొద్దున్నే లేచి నీళ్లు పట్టేది, వంట చేసేది, నా పక్కన కంచం పెట్టి తాను గోడవారకు పోయి కూర్చునేది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "అత్తా, నొప్పులు ఎట్లుంటాయి?"

"ఎట్లుంటాయి, అందరికీ ఉన్నట్టే" అంది.

అంతకుమించి చెప్పడానికి ఆమెకు మాటలు లేవేమో. ఆమె కాన్పులన్నీ ఇంట్లోనే, వెనకింటి చీకటి గదిలో జరిగాయి. ఆసుపత్రి అంటే ఎవరినైనా చూడటానికి పోయి వచ్చిన చోటే తప్ప, లోపల ఏం చేస్తారో ఆమెకూ తెలియదు. మా ఆయన రేణిగుంటలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ లారీ నడిపేవాడు. లోడు ఎత్తితే ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. నేను తిరిగి వచ్చేసరికే నాగపూర్ వైపు పోవాల్సిన లోడు సిద్ధంగా ఉంది. "నెలలు నిండేలోపు వచ్చేస్తా" అని పోయాడు.

తిరుపతిలో రద్దీ వీధి పక్కన ఉన్న ఒక కాన్పుల ఆసుపత్రిలో చూపించుకున్నాను. లేడీ డాక్టరు కడుపు నొక్కి చూసి, "నీళ్లు పోయినా, రక్తం కనపడినా, నొప్పులు దగ్గర దగ్గరగా వచ్చినా ఆలస్యం చేయొద్దు" అని చెప్పింది. నా కాన్పు గురించి నాకు ముందుగా తెలిసింది ఆ ఒక్క వాక్యమే.

ఆ వాక్యం కూడా సమయానికి గుర్తు రాలేదు. ఒకరోజు పొద్దున బియ్యం కడుగుతుంటే కాళ్ల వెంట వెచ్చగా నీళ్లు కారాయి. తెలియకుండా ఒంటికి పోసుకున్నానేమో అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. గప్‌చుప్‌గా చీర మార్చుకున్నాను. మళ్లీ కారాయి. మళ్లీ మార్చుకున్నాను. మూడోసారి మార్చుకోవడానికి ఉతికిన చీర లేక అత్తకు చెప్పాను. ఆమె నా కాళ్ల దగ్గర తడి చూసి, పొయ్యి మీది ఎసరు దించేసింది.

"పద" అంది.

రేణిగుంట నుంచి తిరుపతికి ఆటోలో పోయాం. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నేను సీటు కమ్మీ పట్టుకున్నాను, అత్త బుట్ట పట్టుకుంది. బుట్టలో ఫ్లాస్కు, గ్లాసు, రెండు కొత్త తువ్వాళ్లు ఉన్నాయి. అమ్మ చింపి పెట్టిన గుడ్డలు అమ్మ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆసుపత్రిలో పేరు రాసుకున్నారు. ఎన్నో కాన్పు అని అడిగారు. తొలి కాన్పు అని చెప్తే సిస్టరు ఒకసారి తలెత్తి చూసి, "అయితే సాయంత్రం దాకా పడుతుంది" అంది. మెడలో పసుపుతాడు తప్ప మిగతావన్నీ తీసి ఇంటివాళ్లకు ఇచ్చేయమంది. గాజులు కూడా తీయాలి, నొప్పుల్లో మంచం కమ్మీకి కొట్టుకుని పగులుతాయి. నా చేతులు ఉబ్బిపోయి ఉన్నాయి. అక్కడ పనిచేసే ఆయమ్మ సబ్బునీళ్లు పెట్టి ఒక్కొక్కటిగా లాగింది. అత్త వాటిని కొంగులో మూటగట్టుకుంది.

"నేనూ లోపలికి వస్తా" అంది అత్త. అన్ని నాళ్లలో ఆమె తనంతట తానుగా అడిగిన మాట అదేనేమో.

"ఆడోళ్లయినా సరే, ఎవురూ రాకూడదు. బయట రేకుల షెడ్డు కింద కూసో. పిలస్తాం" అంది ఆయమ్మ.

తలుపు రెండు రెక్కలూ దగ్గరికి వచ్చాయి. ఆ తలుపుకు పైన గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి అత్త ముఖం కనపడుతుందేమోనని తిరిగి చూశాను. ఆమె పొట్టి మనిషి. అద్దంలో ఎదురు గోడ మాత్రం కనపడింది.

ఆ తరవాత జరిగినవి ఇప్పటి పిల్లలకైతే ముందే ఎవరో ఒకరు చెప్తారు. నాకు చెప్పలేదు. వెనకాల ముడులున్న ఆసుపత్రి గౌను వేసుకోమన్నారు. ముడి ఎటు రావాలో తెలియక ముందుకు కట్టుకుంటే ఆయమ్మ విప్పి మళ్లీ కట్టింది. కింద వెంట్రుకలు గీకారు. అక్కడ ఇంకొకరి చెయ్యి పడటం, అదీ పగటి వెలుతురులో. కళ్లు మూసుకుని గోడ వైపు తల తిప్పుకున్నాను. ఎనిమా ఇచ్చారు. అదేమిటో, ఎందుకో అడగాలని తోచలేదు. వాళ్లు చెప్పినట్టు పక్కకు తిరుగుతూ, కాలు మడుస్తూ, లేస్తూ, పడుకుంటూ ఉన్నాను. అంతా వేగంగా, ఎవరికీ కోపం లేకుండా, ఎవరికీ ప్రేమ లేకుండా జరిగిపోయింది.

నొప్పుల గదిలో వరసగా ఇనుప మంచాలు, వాటి మీద రెక్సిన్ పరుపులు. ఒక పక్క ఆకుపచ్చ తెర. ఆ తెర వెనక కాన్పు బల్లలు. నాకు కిటికీ పక్కన మంచం ఇచ్చారు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్ష చేసింది. అది కూడా నాకు కొత్తే. మూడంటే మూడు సెంటీమీటర్లు అని సిస్టరుతో చెప్పి, పదికి రావాలమ్మా అని నాతో అంది. ఏది పదికి రావాలో నాకు అర్థం కాలేదు.

నొప్పి అంటే వచ్చి ఇక అట్లాగే ఉండిపోతుందనుకున్నాను. అది రావడమూ ఉంటుంది, పోవడమూ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నడుములో ఎక్కడో మొదలై, ముందుకు పాకి, కడుపంతా రాయిలా గట్టిపడేది. పిడికిలి బిగించి ఊపిరి పట్టేదాన్ని. మెల్లగా సడలిపోయేది. పోయాక అసలు ఏ నొప్పీ లేదు. అంత శుభ్రంగా పోయేది. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దంలో బయట ఆటోల మోత, కిటికీ అంచు మీద కాకి గోళ్ల చప్పుడు, ఎవరో మెట్ల మీద క్యారియర్ గిన్నెలు సర్దుకుంటున్న శబ్దం వినపడేవి. నొప్పి ఉన్నప్పుడు నాకు ఒంటరితనం లేదు, అంత తీరిక లేదు. నొప్పి పోయినప్పుడే, ఈ ఊళ్లో నేనిక్కడ ఉన్నానని తెలిసింది రేకుల షెడ్డు కింద కూర్చున్న ఒక్క మనిషికే కదా అనిపించేది.

చదువుకునే డాక్టర్లు కొందరు గుంపుగా వచ్చారు. నా కడుపు చుట్టూ నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. వాళ్లలో నా ఈడు అమ్మాయి ఒకతె గరాటా లాంటి గొట్టం నా కడుపు మీద పెట్టి, దానికి చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆమె జడలో మల్లెపూలు నా ముఖానికి దగ్గరగా వచ్చాయి.

"బిడ్డ బాగుందా?" అని అడిగాను.

"బాగుంది" అంది ఆమె, నవ్వి. గుంపుతో పాటు పక్క మంచానికి పోయింది. ఆ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు గడిపాను.

పక్క మంచం మీద నగరి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంది. నాకంటే కొంచెం పెద్దది. రెండో కాన్పు. ఆమె తెలుగులో సగం అరవం. నేను నొప్పి వచ్చిన ప్రతిసారీ కాళ్లు ముడుచుకుని పళ్లు బిగించడం చూసింది.

"బిగబట్టొద్దుమా" అంది. "నోరు తెరిసి ఊపిరి వదులు. నొప్పిని తోసేద్దామని సూడొద్దు. రానీ. వచ్చి అదే పోతాది."

మంచాల మధ్య జానెడు సందు. ఆ సందులోంచి ఆమె చెయ్యి చాపింది. ఆమెకూ నొప్పులు వస్తున్నాయి. తన నొప్పి వచ్చినప్పుడు నా వేళ్లు గట్టిగా నొక్కేది, నా నొప్పి వచ్చినప్పుడు నేను నొక్కేదాన్ని. ఒక్కోసారి ఇద్దరికీ ఒకేసారి వచ్చేది. అప్పుడు ఎవరి చెయ్యి ఎవరిదో తెలిసేది కాదు. తన పెద్దపిల్ల గురించి చెప్పింది. ఆ పిల్ల తన అవ్వ దగ్గర ఉండనని ఏడ్చిందట. "ఇది పుట్టినాక దాన్ని సమాదానం సేయాల" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమెకు ముక్కాల్సిన నొప్పులు మొదలయ్యాయి. ఒక్కసారిగా గొంతు మారిపోయింది. సిస్టరు పరుగున వచ్చి, ఆమెను లేపి నడిపించుకుంటూ తెర వెనక్కి తీసుకుపోయింది. అంతా వినపడింది. ఆమె మూలుగు, సిస్టరు గద్దింపు, పళ్లెంలో కత్తెర పడ్డ చప్పుడు, చివరకు బిడ్డ ఏడుపు. నాకు సంతోషమేసింది. ఆమె మళ్లీ పక్క మంచానికి వస్తుందనే అనుకున్నాను. రాలేదు. కాన్పు అయినవాళ్లను అటు తలుపు గుండా వేరే వార్డుకు తోసుకుపోతారట. ఆయమ్మ వచ్చి ఆమె పడుకున్న రెక్సిన్‌ను తడిగుడ్డతో తుడిచింది. ఆమె తలగడ కింద ఉన్న దువ్వెన తీసుకుపోయింది. ఆమె పేరు నేను అడగలేదు.

ఆ తరవాత నొప్పులకు మధ్య సందు లేకుండా పోయింది. గ్లూకోజు బాటిల్లో ఏదో సూది మందు కలిపారు. నడుము రెండుగా విరుస్తున్నట్టు ఉంది. ఆమె చెప్పినట్టు ఊపిరి వదలాలని ఎంత చూసినా కుదరలేదు. అరిచాను. అమ్మా అని అరిచాను, నాయనా అని అరిచాను, ఏడుకొండలవాడా అని అరిచాను. ఇంటికి పోతాను, నన్ను పంపించేయండి అని సిస్టరును బతిమాలాను.

"మీ అమ్మ వచ్చి నీ బదులు కంటాదా?" అంది సిస్టరు. "గొంతు సించుకున్నావంటే ముక్కేటప్పుడు శక్తి ఉండదు. దాసిపెట్టుకో."

ఆ మాటకు ఇంకా ఏడ్చాను. కానీ కాసేపటికి ఆమే వచ్చి తడిగుడ్డతో నా ముఖమూ మెడా తుడిచింది. గుడ్డ చల్లగా ఉంది. ఆమె ఇంకొంచెం సేపు తుడిస్తే బాగుండునని అనుకుంటుండగానే ఇంకెవరో పిలిచారు.

ఒక దశలో నొప్పి తీరు మారింది. లోపలి నుంచి ఎవరో కిందికి నెడుతున్నట్టు అనిపించింది. మలం వస్తోందేమోనని భయపడి, బాత్‌రూముకు పోవాలని చెప్పాను. సిస్టరు చూసి, "అది మలం కాదు మే, బిడ్డ తల" అంది. నన్నూ లేపి తెర వెనక్కి నడిపించారు. ఎక్కిన బల్ల సన్నగా, ఎత్తుగా ఉంది. కాళ్లు రెండు పక్కలా పెట్టించారు.

"దొడ్డికి పోయేటప్పుడు ముక్కినట్టు ముక్కు. గొంతులోంచి కాదు, కింద నుంచి."

సిగ్గు అప్పటికి పోయింది. ఎక్కడ పోయిందో తెలియదు. డాక్టరు సూది వేసి చిన్న కోత పెట్టింది. కోసినట్టు తెలిసింది గానీ, ఆ నొప్పి ముందు అదొక నొప్పి కాదు. వద్దు వద్దన్నప్పుడు ముక్కకుండా ఆపుకున్నాను, ఇప్పుడన్నప్పుడు ముక్కాను. ఏదో మండుతూ చీలుతున్నట్టై, ఆ వెంటనే గబుక్కున ఖాళీ అయింది. కాసేపు ఏ శబ్దమూ లేదు. నేను డాక్టరు ముఖం చూస్తున్నాను. ఆమె నా వైపు చూడటం లేదు. సన్నటి గొట్టంతో బిడ్డ నోట్లోని జిగట పీల్చారు, పాదాల మీద తట్టారు. అప్పుడు ఏడుపు వచ్చింది. పిల్లికూన అరిచినట్టు మొదలై పెద్దదైంది.

సిస్టరు బిడ్డను నా ముఖం ముందుకు ఎత్తి పట్టుకుంది. "ఏం బిడ్డో సూసి నువ్వే సెప్పు."

"ఆడబిడ్డ" అన్నాను.

"గుర్తు పెట్టుకో" అని తీసుకుపోయింది. తరవాత మార్చేశారని ఎవరూ అనకుండా తల్లి చేతే చెప్పిస్తారట.

ఇక అయిపోయిందనుకున్నాను. కాలేదు. మాయ పడాలని ఇంకొకసారి ముక్కమన్నారు. కడుపు మీద పిడికిలితో గట్టిగా నొక్కారు. ఉన్నట్టుండి ఒళ్లంతా వణుకు పట్టుకుంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మే నెల తిరుపతిలో, చెమటతో తడిసి ముద్దయి ఉండి, చలికి వణికినట్టు వణికాను. చచ్చిపోతున్నానేమో అనుకున్నాను. "అందరికీ వస్తాది ఆ వణుకు, దానంతట అదే పోతాది" అంది డాక్టరు, కుట్లు వేస్తూనే.

అప్పుడే ఆయమ్మ తలుపు తీసి, బయటికి పిలవడం వినపడింది.

"రేణిగుంటామె మనుషులు ఎవురమ్మా? పాత గుడ్డలు తీసుకొని రాండి. ఆడబిడ్డ."

ఎవరూ పలకలేదు. ఆయమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి నా పేరు, మా ఆయన పేరు కూడా చేర్చి పిలిచింది. వరండాలో ఎవరెవరో మాట్లాడుకుంటున్న గోల వినపడుతోంది గానీ, నేనున్నానని ఎవరూ అనలేదు. అడుగుల చప్పుడు దూరం పోయింది. మెట్ల కింద నుంచి ఇంకోసారి పిలుపు సన్నగా వచ్చింది. నేను తల ఎత్తి వింటుంటే, కదలొద్దు అంది డాక్టరు. నొప్పుల్లో అంత ఏడ్చినదాన్ని, అప్పుడు నాకు ఏడుపు రాలేదు. లోపలంతా ఎండిపోయినట్టైంది.

ఆయమ్మ తిరిగి వచ్చింది. "మీవోళ్లు ఎవురూ పలకలేదే మే. ఒక్కదానివే వచ్చినావా?"

"మా అత్త ఉండాది" అన్నాను.

"యాడుండాది? నేను గేటు దాకా పోయొస్తి."

నాకేం తెలుసు? అలిగి పోయిందా, బర్రెల మీద బెంగతో ఊరికి పోయిందా, ఎండకు ఎక్కడైనా పడిపోయిందా అని ఏవేవో ఆలోచించాను. బిడ్డను ఆసుపత్రి ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, మూలన దీపం కింద ట్రేలో పెట్టారు. ఆ గుడ్డ వాళ్లకు మళ్లీ కావాలి. ఆయమ్మ గొణుక్కుంటూ అటు వార్డులోకి పోయి, కాసేపటికి వెలిసిపోయిన నీలం రంగు చీరముక్కతో వచ్చింది. "నీ పక్క మంచం ఆమె ఇచ్చింది. తన బిడ్డకు తెచ్చుకున్నదాంట్లో సగం సించి" అంది. ఆసుపత్రి గుడ్డ పోను, మా పాప మొదట ఒంటికి చుట్టుకున్నది ఆ నీలం గుడ్డ.

నన్ను వార్డుకు మార్చిన చాలాసేపటికి అత్త వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె రోడ్డుకు అవతలున్న ఎస్టీడీ బూతుకు పోయిందట. కొడుకుకు కబురు చేయాలని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నంబరున్న చీటీ పట్టుకుని, చదువు రాని మనిషి, అంత రోడ్డూ ఒక్కతే దాటింది. బూతాయన ఎన్నిసార్లు తిప్పినా లైను దొరకలేదు. దొరికేదాకా అక్కడే బల్ల మీద కూర్చుంది. దొరికాక, లారీ ఎక్కడుందో తమకూ తెలియదని ఆఫీసువాళ్లు చెప్పారు.

అదంతా తరవాత చెప్పింది. వచ్చీ రాగానే ఆమె బిడ్డను చూడలేదు. నా మంచం పక్కన నిలబడి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసి, చివరకు నా మోకాలి మీద పెట్టింది.

"నొప్పి పోయిందా?"

"పోయింది అత్తా. పాప."

"ఊ" అంది. అప్పుడు వంగి చూసింది. చాలాసేపు చూసింది. "సెవులు మావోనివే" అంది.

సాయంత్రం చూడవచ్చే జనంతో వార్డు నిండిపోయింది. ప్రతి మంచం చుట్టూ అమ్మలు, అక్కలు, పిన్నమ్మలు. కారంపొడి వాసన, వెల్లుల్లి వాసన, వేడి పాల వాసన. ఒకామె కూతురికి తల దువ్వుతోంది. ఇంకొకామె అన్నం కలిపి నోటికి అందిస్తోంది. మా అత్త మంచం కింద నేల మీద ఒరిగి కునుకుతోంది. ఆమెను లేపడానికి నాకు మనసు రాలేదు. లేచి కూర్చోబోతే కుట్లు లాగి కళ్లు తిరిగాయి. పాప ఏడుస్తోంది. రొమ్ము అందించగానే బిడ్డ తాగేస్తుందని అనుకున్నాను. దానికి పట్టుకోవడం తెలియదు, నాకు ఇవ్వడం తెలియదు. ఇద్దరం ఏడ్చాం. సిస్టరు వచ్చి, బిడ్డ తలను ఎట్లా పట్టాలో, నోరు పూర్తిగా తెరిచాకే ఎట్లా ఆనించాలో చూపించింది. మొదట వచ్చే చిక్కటి పసుపుపాలు పిండి పారేయమని ఎదురు మంచం ముసలామె చెప్తే, "పారేయొద్దు, అదే బిడ్డకు మందు" అంది సిస్టరు. పాప పాలు లాగినప్పుడల్లా కడుపులో మళ్లీ నొప్పులు వచ్చేవి. అవి కూడా ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

నీలం గుడ్డ ఇచ్చిన ఆమె ఆ చివరి మంచంలో ఉంది. ఒకసారి నన్ను చూసి చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. మా మధ్య ఇన్ని మంచాలు, ఇంతమంది జనం. నడవగలిగాక పోయి మాట్లాడాలనుకున్నాను. మర్నాడు గోడ పట్టుకుని మెల్లగా పోయేసరికి ఆ మంచం మీద వేరే ఆమె ఉంది. రెండో కాన్పు కదా, ముందే పంపించేశారట.

మూడో రోజు ఊరికే ఏడుపు వచ్చింది. పాలు పడి రొమ్ములు రాళ్లయ్యాయి, దాని వల్లనేమో అనుకున్నాను. పాప బాగుంది, నేను బాగున్నాను, అన్నం తెచ్చిపెట్టే అత్త ఉంది. అయినా గోడ వైపు తిరిగి ఏడ్చాను. అత్త చూసింది. నా తలగడ తిప్పి, తడవని వైపు పైకి పెట్టింది.

రేణిగుంటకు వచ్చేశాక మా ఆయన వచ్చాడు. డీజిలు వాసన పోయేదాకా చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి, దాని పాదం మాత్రం వేలితో ముట్టుకున్నాడు.

"నొప్పి ఎక్కువైందా?" అని అడిగాడు.

చెప్పాలని నోరు తెరిచాను. గుండ్రటి అద్దం, కాకి గోళ్లు, ఖాళీ అయిన మంచం, మెట్ల కింద నుంచి వచ్చిన పిలుపు. "అందరికీ ఉన్నట్టే" అన్నాను. ఆయన తల ఊపాడు. మళ్లీ లోడు వచ్చింది, పోయాడు.

తమ్ముడికి మూడో నీళ్లు పోశాక అమ్మ వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, తొలి బస్సుకే బయలుదేరి వచ్చింది. గడప బయటే ఆగి కాళ్లు కడుక్కుంది. లోపలికి వచ్చి, నా ముందు నిలబడి, "ముట్టుకోవచ్చు గదా?" అని అడిగింది, పరాయి ఇంటికి వచ్చినట్టు. నేను పాపను ఆమె చేతుల్లో పెట్టాను. పాప ఆమెను చూసి గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"నువ్వు పోయి పండుకో పాపా" అంది.

పడుకున్నాను. కాన్పు అయినాక ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది అప్పుడే. మెలకువ వచ్చేసరికి పక్కన పాప లేదు. వసారాలోంచి మాటలు వినపడ్డాయి. అమ్మ పాపకు నూనె రాస్తున్నట్టుంది, అత్త పక్కన కూర్చున్నట్టుంది.

"శానా కష్టపడిందా వదినా?" అని అమ్మ అడుగుతోంది.

"లేదు వదినా" అంది అత్త. అంత గట్టిగా, అంత ధీమాగా ఆమె మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. "నీ కూతురు ఒక్క అరుపు అరవలేదు. నేను తలుపు కాడనే ఉంటి గదా. బయటికి చిన్న సప్పుడన్నా వినపడలేదు. మంచి ధైర్యం వదినా దానికి."

అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "అట్లయితే సరి" అంది. "నేను ఆడ పడిన బాధ నీకు సెప్పలేను వదినా. రోజూ దాని గొంతే వినపడేది."

లేచి పోయి, అట్లా కాదమ్మా అని చెప్పొచ్చు. అత్త షెడ్డు కింద ఉండి నిజంగానే వినలేదో, విని కూడా మా అమ్మ కోసం అట్లా చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను లేవలేదు. పాప ఎండలో కాళ్లు తన్నుకుంటున్న చప్పుడు వింటూ, వాళ్లిద్దరి మాటలు వేరే దారి పట్టేదాకా అట్లాగే పడుకున్నాను.